రోక్యురోనియం మంటకు ఏది మేలు: లిగ్నోకైనా, ఫెంటనిలా, పలచన చేయడమా, మందే మార్చడమా?

నిద్రపుచ్చే ప్రొపోఫాల్ ఎక్కింది, రెప్ప తాకినా చలనం లేదు. గొంతులో గొట్టం వేయడానికి కండరాలను సడలించే రోక్యురోనియం తోయడం మొదలుపెట్టగానే రోగి చెయ్యి చటుక్కున వెనక్కి లాక్కుంటాడు. మణికట్టు వంచడంతో ఆగితే నయం. కొందరు మోచెయ్యి ముడుస్తారు, ఇంకొందరు ఒళ్లంతా కదిలిస్తారు. ప్లాస్టర్ సరిగా అంటకపోతే క్యాన్యులా (మందు ఎక్కించడానికి నరంలో, అంటే సిరలో, పెట్టే సన్నని గొట్టం) ఊడి, మందు సగం చర్మం కిందికి పోతుంది. నిద్రపోకముందే కొద్ది మోతాదు ఇచ్చినవాళ్లు అయితే "చెయ్యి కాలిపోతోంది" అని నోటితోనే చెబుతారు. ముందు జాగ్రత్త ఏదీ తీసుకోకుండా ఇస్తే సుమారు 50 నుంచి 80 శాతం మందిలో ఈ మంట కనిపిస్తుంది. పిల్లల్లో ఇంకా ఎక్కువ.

"మత్తులో ఉన్నాడు, ఏం గుర్తుండదులే" అని వదిలేయడం మాకు సమ్మతం కాదు. గుర్తు లేకపోవడం వేరు, నొప్పి లేకపోవడం వేరు. పైగా ఆ కుదుపుతో గుండె వేగం, బీపీ పెరుగుతాయి. పిల్లల్లో కడుపులోది పైకి తన్నుకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోయిన ఉదంతం కూడా వైద్య పత్రికల్లో నమోదైంది.

విజయవాడ సూర్యారావుపేటలో ఒక నర్సింగ్ హోమ్ నుంచి ఇంకోదానికి బ్యాగు పట్టుకుని తిరిగే మత్తు డాక్టర్లకు, గుంటూరు కొత్తపేట ఓటీల్లో ట్రే సర్దే టెక్నీషియన్లకు, పీజీలు చేస్తున్న పిల్లలకు ఇది రాస్తున్నాం. ఇక్కడి మోతాదులన్నీ శిక్షణ ఉన్న చేతుల కోసమే.

మంట ఎక్కడి నుంచి వస్తోంది

రోక్యురోనియం పీహెచ్ దాదాపు 4. ఆమ్ల గుణం కాబట్టి మండుతుందని చాలామంది అంటారు. అదే మొత్తం కారణమైతే 3.25 నుంచి 3.65 మధ్య ఉండే ఇదే కోవ మందులు అట్రాక్యూరియం, సిస్అట్రాక్యూరియం ఇంకా ఎక్కువ మండాలి. కానీ అవి తక్కువే మండుతాయి. కలిపిన వెక్యురోనియం పీహెచ్ కూడా 4 దగ్గరే ఉన్నా రోక్యురోనియం అంత బాధ పెట్టదు. అంటే ఈ అణువే నరం గోడలోని నొప్పి నాడులను నేరుగా రెచ్చగొడుతోంది. మందు చిక్కదనం, నరం సన్నదనం, తోసే వేగం దానికి తోడవుతాయి. మంట సాధారణంగా 10, 20 సెకన్లలో తగ్గిపోతుంది. ఆ కాస్త సేపు నరం గోడను మొద్దుబార్చడమో (లిగ్నోకైన్ చేసే పని), మందు గోడకు చిక్కగా తగలకుండా చూడడమో, మెదడు దగ్గర నొప్పిని అణచడమో (ఫెంటనిల్ చేసే పని) చేయాలి. కింద చెప్పే మార్గాలన్నీ ఈ మూడింటిలో ఏదో ఒకదాని కిందికి వస్తాయి.

వేటిని బట్టి ఎంచుకోవాలి

అన్నిటికన్నా ముందు చూడాల్సింది కదలిక ఎంతవరకు ఆగుతుందన్నది. దాన్ని 0 నుంచి 3 వరకు కొలుస్తారు: కదలిక లేకపోతే 0, మణికట్టు వరకే అయితే 1, మోచెయ్యి లేదా భుజం కదిలితే 2, ఒళ్లంతా కదిలితే 3. తర్వాత చూడాల్సింది సమయం. కడుపు నిండిన రోగి బల్ల మీద ఉంటే మూడు నిమిషాలు కూడా బరువే. మూడోది, ఆ మందు ఆ రోజు ఆ ఓటీలో దొరుకుతుందా అన్నది. నాలుగోది, మంట తగ్గించబోయి ఇంకో చిక్కు తెచ్చుకుంటున్నామా అన్నది. ధర విషయానికొస్తే, ఒక్క మందు మార్చడం తప్ప మిగతావన్నీ పెద్దగా ఖర్చు లేనివే.

| మార్గం | పనితనం | పట్టే సమయం | ప్రధానమైన చిక్కు |
|---|---|---|---|
| పెద్ద నరం, వేగంగా నడిచే సెలైన్ | మధ్యస్థం | ఏమీ లేదు | మోచేతి దగ్గర మడత పడుతుంది |
| టోర్నికెట్ (చేతికి బిగించే పట్టీ) కట్టి లిగ్నోకైన్ | చాలా బాగుంటుంది | 1 నిమిషం | టోర్నికెట్ మర్చిపోవడం, వయల్ తారుమారు |
| ముందుగా ఫెంటనిల్ | బాగుంటుంది | 3 నిమిషాలు | దగ్గు, శ్వాస మందగించడం |
| పలచన చేయడం | బాగుంటుంది | కలిపే సమయం | పెద్దవాళ్లలో పరిమాణం మరీ ఎక్కువ |
| సోడియం బైకార్బనేట్ కలపడం | బాగుంటుంది | కలిపే సమయం | బుడగలు, స్థిరమైన కొలత లేకపోవడం |
| వేరే కండరాల సడలింపు మందు | మందును బట్టి | పని మొదలవడం ఆలస్యం | రివర్సల్ (సడలింపును విరిచే మందు), హిస్టమిన్ (ఒళ్లు ఎర్రబడడం, బీపీ పడిపోవడం) |

నరం ఎంపిక

ఇది మందు కాదు కాబట్టి చాలామంది లెక్కలోకి తీసుకోరు. ముంజేతి మీదో మోచేతి మడత దగ్గరో లావు నరం దొరికితే మందు రక్తంలో తొందరగా కలిసిపోతుంది, గోడకు చిక్కగా తగిలే సమయం తగ్గుతుంది. ప్రొపోఫాల్ మంటకు మోచేతి నరం టోర్నికెట్ లిగ్నోకైన్‌కు సాటిగా పనిచేస్తుందని పెద్ద విశ్లేషణల్లోనే తేలింది. రోక్యురోనియానికి అంత గట్టి లెక్క చెప్పలేం గానీ సూత్రం అదే.

లోటు కూడా ఉంది. రోగిని పక్కకు తిప్పినా, చెయ్యి మడిచినా మోచేతి క్యాన్యులా మూసుకుపోతుంది. మిర్చి యార్డులో బస్తాలు మోసే చేతులకైతే ముంజేతి మీదే తాడులాంటి నరాలుంటాయి, అక్కడ లావుగా ఉండే 18 నంబరు క్యాన్యులా పెట్టేయొచ్చు. చిన్న నరం మీద సన్నని 22 నంబరే దిక్కయినప్పుడు కింది మార్గాలు తప్పవు. ఏ నరమైనా సరే, బీపీ కఫ్ ఆ చేతికి కట్టకండి. రోక్యురోనియం తోసే క్షణానికే కఫ్ బిగుసుకుంటే మందు నరంలో నిలిచి మంట ఎక్కువవుతుంది.

టోర్నికెట్ కట్టి లిగ్నోకైన్

ఒకే మార్గం ఎంచుకోవాలంటే మా ఓటు దీనికే. నొప్పి మందు ట్రామడాల్, వాంతుల మందు ఆన్‌డాన్సెట్రాన్‌తో పక్కపక్కన పెట్టి చూసినప్పుడు లిగ్నోకైనే మెరుగ్గా నిలిచింది. మోతాదు విషయంలో పిసినారితనం పనికిరాదు: 10 మి.గ్రా. కన్నా 30 మి.గ్రా. ఫలితం స్పష్టంగా మేలు.

చేసే తీరు ఇది. క్యాన్యులాలో 5 మి.లీ. సెలైన్ తోసి వాపు రావడం లేదని చూసుకోవాలి. డ్రిప్ ఆపి, చెయ్యి 15 సెకన్లు పైకెత్తి ఉంచితే నరంలోని రక్తం కాస్త దిగిపోతుంది. క్యాన్యులాకు పైభాగంలో రబ్బరు టోర్నికెట్ కట్టాలి. ప్రిజర్వేటివ్ లేని 2 శాతం లిగ్నోకైన్ కిలోకు 0.5 మి.గ్రా. చొప్పున ఇవ్వాలి. 60 కిలోల మనిషికి 30 మి.గ్రా., అంటే 1.5 మి.లీ. నిమిషం ఆగి టోర్నికెట్ విప్పి, డ్రిప్ వదిలి, మత్తు మొదలుపెట్టాలి.

"నిమిషం ఎక్కడుంది?" అన్న ప్రశ్న వస్తుంది. ఆ నిమిషం మన దగ్గర ఎప్పుడూ ఉంటుంది. మాస్క్‌తో ఆక్సిజన్ ఎలాగూ 3 నిమిషాలు ఇస్తాం కదా, టోర్నికెట్ అందులోనే పూర్తవుతుంది. రోగికి ముందే ఒక మాట చెబితే చెయ్యి కదపకుండా ఉంటారు: "అమ్మా, చెయ్యి ఒక్క నిమిషం బిగుతుగా ఉంటుంది. విప్పాక పెదాల దగ్గర తిమ్మిరిగా అనిపించినా, చెవుల్లో హోరు వినిపించినా చెప్పండి."

దీనికొక బలహీనత ఉంది. లిగ్నోకైన్‌కూ రోక్యురోనియానికీ మధ్య ప్రొపోఫాల్ నడుస్తుంది, ఒకటి రెండు నిమిషాలు గడుస్తాయి, మొద్దుబారడం కొంత తగ్గిపోతుంది. తొందర లేని కేసులో రోగి నిద్రపోయాక, మాస్క్‌తో గాలి సరిగా వెళుతోందని చూసుకునే సమయంలోనే రెండోసారి టోర్నికెట్ కట్టి ఇంకో 20 మి.గ్రా. ఇవ్వొచ్చు. రెండూ కలిపి 60 కిలోల మనిషికి 50 మి.గ్రా., కిలోకు 1 మి.గ్రా. లోపే. టోర్నికెట్ కట్టకుండా ఊరికే డ్రిప్‌లో తోసేస్తే కొంత ఉపయోగం ఉంటుంది గానీ ఈ పద్ధతికి సాటి రాదు.

ఇవ్వకూడని వాళ్లు: లిగ్నోకైన్ రకం మందులకు అలర్జీ ఉన్నవాళ్లు, పేస్‌మేకర్ లేకుండా రెండో, మూడో డిగ్రీ హార్ట్ బ్లాక్ ఉన్నవాళ్లు.

వయల్ సంగతి గట్టిగా చెప్పాలి. 2 శాతం లిగ్నోకైన్ వయళ్లలో అడ్రినలిన్ కలిపినది కూడా ఓటీ అల్మారాలో అదే వరుసలో ఉంటుంది. చర్మం మొద్దుబార్చడానికి పెట్టిన ఆ వయల్‌లోంచి నరంలోకి ఇస్తే బీపీ, గుండె వేగం ఒక్కసారిగా ఎగబాకుతాయి. సిరంజిలోకి తీసేవాళ్లు లేబుల్ బిగ్గరగా చదవాలి, ఇచ్చేవాళ్లు ఇంకోసారి చదవాలి.

ఫెంటనిల్

కిలోకు 2 మైక్రోగ్రాములు, 3 నిమిషాల ముందు. 60 కిలోలకు 120, కానీ ఒక యాంపూల్‌లో ఉండేది 2 మి.లీ.కి 100 మైక్రోగ్రాములే. చాలామంది ఆ ఒక్కటితో సరిపెడతారు, అది తప్పేమీ కాదు. ఎలాగూ గొంతులో గొట్టం వేసేటప్పుడు పెరిగే బీపీకి ఫెంటనిల్ ఇస్తున్నాం కనుక కొత్తగా పెరిగే పని లేదు, సమయం సరిచూసుకుంటే చాలు. తప్పు జరిగేది ఇక్కడే: ఫెంటనిల్, ప్రొపోఫాల్, రోక్యురోనియం వెంటవెంటనే తోసేస్తే ఫెంటనిల్ పూర్తిగా పని మొదలుపెట్టకముందే మంట వచ్చి పోతుంది. వేగంగా తోస్తే దగ్గు కూడా వస్తుంది, కాబట్టి అర నిమిషం తీసుకుని నెమ్మదిగా ఇవ్వాలి.

తాళం వేసిన అల్మారా, రిజిస్టర్ రాత లేకుండా ఫెంటనిల్ ఉండదు. చిన్న నర్సింగ్ హోమ్‌లో అది లేని రోజు లిగ్నోకైన్ ఒక్కటే ఆధారం. రెండూ ఉంటే రెండూ వాడండి. ఒకటి నరం దగ్గర, ఇంకొకటి మెదడు దగ్గర పనిచేస్తాయి కాబట్టి ఒకదాని పని ఇంకొకటి చెడగొట్టదు.

ఆందోళన తగ్గించడానికి ముందుగా ఇచ్చే మిడాజొలామ్‌ను ఈ లెక్కలో కలపకండి. అది జ్ఞాపకాన్ని మసకబారుస్తుంది, చెయ్యి లాక్కోవడాన్ని ఆపుతుందని దాని మీద ఆధారపడలేం.

పలచన చేయడం

వయల్‌లో మి.లీ.కి 10 మి.గ్రా. ఉంటుంది. దాన్ని సెలైన్‌తో మి.లీ.కి 1 మి.గ్రా. వరకు, అంతకన్నా తక్కువకు పలచన చేస్తే మంట బాగా తగ్గుతుంది. పెద్దవాళ్ల దగ్గరే చిక్కంతా. 60 కిలోలకు కిలోకు 0.6 మి.గ్రా. చొప్పున 36 మి.గ్రా., అంటే 36 మి.లీ. తోయాలి. అంతసేపు తోస్తే మందు పనిచేయడం మొదలయ్యే సమయం కూడా సాగుతుంది. 15 కిలోల పిల్లవాడికి 9 మి.గ్రా., 9 మి.లీ. అక్కడ ఇది చక్కని మార్గం. సిరంజి మీద "రోక్యురోనియం, మి.లీ.కి 1 మి.గ్రా." అని చిక్కదనం కూడా రాయాలి. ఒట్టి పేరు రాసి పెడితే, డ్యూటీ మారాక వచ్చినవాళ్లు 10 మి.గ్రా. సిరంజి అనుకుని పదోవంతు మోతాదే ఇచ్చి, గొంతు తెరుచుకోలేదని తడబడతారు.

బైకార్బనేట్, తదితరాలు

సోడియం బైకార్బనేట్ కలిపితే పీహెచ్ పెరిగి మంట బాగా తగ్గుతుంది, అందులో అనుమానం లేదు. అధ్యయనాల్లో ఎక్కువగా వాడింది 8.4 శాతం. మన దగ్గర దొరికే యాంపూల్స్ ఎక్కువగా 7.5 శాతం, మి.లీ.కి దాదాపు 0.9 మిల్లీ ఈక్వివలెంట్లు. ఒక్కో చోట ఒక్కో పాళ్లలో కలిపారు. కలపగానే కార్బన్ డయాక్సైడ్ బుడగలు వస్తాయి, వాటిని తీసేయాలి, వెంటనే వాడేయాలి. ఇంత తతంగం రోజూవారీ కేసులకు అవసరం లేదని మా అభిప్రాయం.

కెటమిన్, డెక్స్‌మెడెటోమిడిన్, మెగ్నీషియం, పారాసెటమాల్, కెటోరొలాక్ కూడా పరీక్షించారు, కొంతో గొప్పో పనిచేస్తాయి. వేరే కారణంతో వాటిని ఎలాగూ ఇస్తుంటే ఆ లాభం కలిసొస్తుంది. మంట ఒక్కదాని కోసం తెరవాల్సినవి కావు. మెగ్నీషియం అయితే రోక్యురోనియం ప్రభావాన్ని పొడిగిస్తుంది కూడా.

మందే మార్చేస్తే?

చాలామంది ముందు అడిగేది ఇదే. మేం చివర పెట్టింది కావాలనే. కండరాల సడలింపు మందును ఎంచుకోవాల్సింది గొంతు ఎంత త్వరగా తెరుచుకోవాలి, కిడ్నీలు ఎలా ఉన్నాయి, రివర్సల్‌కు ఏముంది అన్నవాటిని బట్టి. 20 సెకన్ల మంటను 2 మి.లీ. లిగ్నోకైన్‌తో దాటగలిగినప్పుడు, దానికోసం ఇవన్నీ పణంగా పెట్టకూడదు.

| మందు | 60 కిలోలకు మోతాదు | గొట్టం వేయడానికి | మంట | గమనించాల్సింది |
|---|---|---|---|---|
| రోక్యురోనియం | 36 మి.గ్రా. (తొందరైతే 72) | 60 నుంచి 90 సెకన్లు | ఎక్కువ | 2 నుంచి 8 డిగ్రీల నిల్వ. రివర్సల్ మందు సుగమాడెక్స్ పనిచేస్తుంది |
| వెక్యురోనియం | 6 మి.గ్రా. | 2.5 నుంచి 3 నిమిషాలు | తక్కువ | పొడి, ఫ్రిజ్ అక్కర్లేదు. సుగమాడెక్స్ పనిచేస్తుంది |
| అట్రాక్యూరియం | 30 మి.గ్రా. | 2 నుంచి 2.5 నిమిషాలు | తక్కువ | హిస్టమిన్. సుగమాడెక్స్ పనిచేయదు |
| సిస్అట్రాక్యూరియం | 9 మి.గ్రా. | 2 నిమిషాలు, ఆపైన | తక్కువ | కిడ్నీ రోగులకు మేలు. సుగమాడెక్స్ పనిచేయదు |
| స్కోలిన్ (సక్సినైల్‌కోలిన్) | 60 నుంచి 90 మి.గ్రా. | నిమిషంలోపు | పెద్దగా ఉండదు | మర్నాడు ఒళ్లు నొప్పులు, పొటాషియం |

వెక్యురోనియం వైపు మొగ్గడానికి మంట కన్నా బలమైన కారణం ఒకటుంది, ఫ్రిజ్. బెజవాడ ఎండల్లో కరెంటు పోయి, జనరేటర్ లైన్ మందుల ఫ్రిజ్‌కు లేని చోట రోక్యురోనియం వయల్ మీద నమ్మకం ఉంచలేం. ఫ్రిజ్ నుంచి బయట పెట్టిన వయల్ మీద ఆ తేదీ రాసి, లేబుల్‌లో చెప్పిన గడువు దాటితే పారేయాలి. వెక్యురోనియం పొడికి ఆ బెంగ లేదు, 10 మి.గ్రా.ను 10 మి.లీ. నీటిలో కలుపుకుంటే సరి.

ఆస్తమా ఉన్నవాళ్లకు మంట తప్పించాలని అట్రాక్యూరియం వేయడం పొరపాటు. ఒళ్లు ఎర్రబడడం, పిల్లికూతలు, బీపీ పడిపోవడం లాంటివి తెచ్చుకున్నట్టే. స్కోలిన్ ఇచ్చి మంట తప్పించి, మర్నాడు మెడ, భుజాలు, నడుము పట్టేసి రోగి మంచం మీద లేవలేకపోతే మేలు చేసినట్టు కాదు. కాలిన గాయాలైన కొద్ది రోజుల తర్వాత, వెన్నుపాము దెబ్బల్లో, పక్షవాతంలో స్కోలిన్ పొటాషియాన్ని ప్రమాదకరంగా పెంచుతుంది.

ఎవరికి ఏది

మామూలు పెద్దవాళ్లు, ముందే నిర్ణయించుకున్న ఆపరేషన్: ముంజేతి నరం, టోర్నికెట్ లిగ్నోకైన్ 30 నుంచి 40 మి.గ్రా., ఆక్సిజన్ మొదలవగానే నెమ్మదిగా ఫెంటనిల్. నిద్ర పూర్తిగా పట్టాక, సెలైన్ ధారగా నడుస్తుండగా రోక్యురోనియం.

పిల్లలు: మెలకువలో టోర్నికెట్ కడితే ఏడుస్తారు. పీల్చే మత్తుమందు సెవోఫ్లురేన్‌తో నిద్రపుచ్చి, మత్తు లోతు పెరిగాక క్యాన్యులా పెట్టే పద్ధతిలో మి.లీ.కి 1 మి.గ్రా. పలచన రోక్యురోనియం సరిపోతుంది. ముందే క్యాన్యులా ఉంటే కిలోకు 0.5 మి.గ్రా. లిగ్నోకైన్, 15 కిలోలకు 7.5 మి.గ్రా. 2 శాతం మందులో అది 0.4 మి.లీ. కూడా ఉండదు, కొలత తప్పే అవకాశం ఎక్కువ. సమానంగా సెలైన్ కలిపి 1 శాతం చేసుకుని 0.75 మి.లీ. ఇవ్వడం మేలు. చెయ్యిని మెత్తని పలకకు కట్టి, ప్లాస్టర్ మణికట్టు దాటేలా వేయాలి.

కడుపు నిండిన రోగి, పూర్తి మత్తుతో సిజేరియన్: కిలోకు 1.2 మి.గ్రా. అంటే 7.2 మి.లీ. చిక్కటి మందు. పలచన కుదరదు. సిజేరియన్‌లో బిడ్డ బయటికి వచ్చేదాకా ఫెంటనిల్‌ను సాధారణంగా ఆపుతారు. మిగిలింది ఆక్సిజన్ ఇస్తుండగానే టోర్నికెట్ లిగ్నోకైన్, పెద్ద నరం. ఇక్కడ ప్రొపోఫాల్ వెనకాలే రోక్యురోనియం వెళ్తుంది కాబట్టి మొద్దుబారడం తగ్గే వ్యవధి ఉండదు. లిగ్నోకైన్ బాగా పనికొచ్చే సందర్భం ఇదే. సుగమాడెక్స్ చేతిలో లేకుండా 1.2 మోతాదు వేస్తే సడలింపు గంట దాటి ఉంటుందని గుర్తుపెట్టుకోవాలి.

డయాలసిస్ రోగి: ఫిస్టులా (డయాలసిస్ కోసం ధమనిని సిరతో కలిపిన చోటు) ఉన్న చేతికి సూదీ వద్దు, టోర్నికెట్టూ వద్దు. రెండో చేతిలో కూడా ముంజేయి, మోచేతి నరాలు రేపటి ఫిస్టులా కోసం కాపాడాలి. అంటే పెద్ద నరం మార్గం మూసుకుపోయింది, అరచేతి వెనక నరమే మిగిలింది. రోక్యురోనియం కూడా కిడ్నీ జబ్బులో ఎక్కువసేపు ఉండిపోతుంది. కనుక సిస్అట్రాక్యూరియం లేదా అట్రాక్యూరియం. మంట తగ్గడం ఇక్కడ అదనపు లాభం.

ముసలివాళ్లు: నరం పలచన, చటుక్కున లాగితే చిట్లిపోతుంది. ఫెంటనిల్ సగానికి తగ్గించి, లిగ్నోకైన్ మీద ఎక్కువ ఆధారపడాలి.

ఎక్కడ తప్పుతుంది

ప్రొపోఫాల్ బదులు నిద్రపుచ్చడానికి థయోపెంటోన్ వాడేచోట దానికీ రోక్యురోనియానికీ మధ్య సెలైన్ ధారగా పోనివ్వాలి. క్షార గుణమున్న థయోపెంటోన్, రోక్యురోనియం కలిస్తే తెల్లటి ముద్ద కట్టి క్యాన్యులా మూసుకుపోతుంది. రోగి నిద్రపోయాడు, ఊపిరి మన చేతిలో ఉంది, నరం పోయింది. అంతకన్నా ఇరకాటం లేదు.

ప్రైమింగ్ పేరుతో మెలకువగా ఉన్నవాళ్లకు కొద్ది మోతాదు రోక్యురోనియం ముందే ఇవ్వడం మానండి. మంట పూర్తిగా తెలుస్తుంది, పైగా రెప్పలు వాలడం, మింగలేకపోవడం, ఊపిరి అందడం లేదన్న భయం తోడవుతాయి.

టోర్నికెట్ విప్పడం మర్చిపోతే ప్రొపోఫాల్ ఎక్కదు, చెయ్యి నల్లబడుతుంది. కట్టినవాళ్లే పైకి చెప్పి విప్పాలి. డ్రేప్ కిందికి పోయే చేతికి కట్టకూడదు.

చెయ్యి లాగడంతో మందు చర్మం కిందికి పోయిందనిపిస్తే వెంటనే ఇంకో పూర్తి మోతాదు తోసేయకండి. చర్మం కింద చేరింది ఆలస్యంగా, ఎంతసేపన్నది లెక్క లేకుండా రక్తంలో కలుస్తుంది. వేరే చేతికి కొత్త క్యాన్యులా, మాస్క్‌తో గాలి, మత్తు తగ్గకుండా ప్రొపోఫాల్. నాడీ ఉద్దీపన యంత్రం ఉంటే దాని సంకేతాన్ని బట్టి మిగతా మోతాదు. ఆపరేషన్ చివర్లో ఆ యంత్రం ఇచ్చే నాలుగు ప్రేరణలకు నాలుగు స్పందనలూ తిరిగి బలంగా వచ్చేదాకా గొట్టం తీయొద్దు. వార్డుకు పంపేముందు ఆ చేతి వాపు ఎంతవరకు ఉందో పెన్నుతో గీత గీసి, మత్తు చార్టులో కదలిక గ్రేడు, ఏ నరం, ఏ మార్గం వాడారో రాయండి. మళ్లీ ఎప్పుడైనా అదే రోగి ఆపరేషన్‌కు వస్తే మత్తు ఇచ్చేవాళ్లు ముందు వెతికేది ఆ చార్టునే.